రాజీనామా ఉద్యోగానికే, నిద్రకు కాదు

“కళాకారుడికి వేళాపాళా ఉండదు” అన్న మాట మన సమాజంలో చాలాకాలంగా గౌరవం పొందుతూ వస్తున్నది. సినిమాలు ఆ మాటను పెంచి పోషించాయి. ప్రముఖుల ముచ్చట్లను అచ్చువేసే పత్రికలు దానికి వత్తాసు పలికాయి. నా వైద్యవృత్తి చివరి సంవత్సరాలలో ఆ మాటను మనసారా నమ్మిన రోగులు తరచుగా నా ముందు కూర్చునేవారు. సాఫ్ట్‌వేర్ కొలువు మాని పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీస్తున్నవారు, బ్యాంకు ఉద్యోగం వదిలి సీరియళ్లకు సంభాషణలు రాస్తున్నవారు, ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని వీడియోలు ఎడిట్ చేస్తున్నవారు. ఒకరికి నిద్ర పట్టదు. మరొకరికి గుండెదడ. ఇంకొకరికి కడుపులో మంట, మెడనొప్పి. అందరికీ మాత్ర కావాలి. “మీ రోజు ఎలా గడుస్తుంది?” అని అడిగితే నవ్వేవారు. “ఇప్పుడు నాకు రోజంటూ ఏముంది డాక్టరుగారూ, ఎప్పుడు లేస్తే అప్పుడే తెల్లవారినట్టు” అనేవారు.

ఆ నవ్వు మీదనే నా అభ్యంతరం.

ఒక సంగతి ముందే స్పష్టం చేస్తాను. ఉద్యోగం మానడాన్ని నేను తప్పుపట్టడం లేదు. మనసు లేని పనిలో ముప్పయ్యేళ్లు గడిపి, పదవీ విరమణ నాటికి అధిక రక్తపోటునూ అసంతృప్తినీ మాత్రమే కూడబెట్టుకున్నవారిని కూడా నేను చూశాను. చేతిలో విద్య ఉండి, కొన్నాళ్లకు సరిపడా ఖర్చులు సమకూర్చుకుని, ఇంటివారితో సంప్రదించి, ఇష్టమైన వృత్తిలోకి వెళ్లేవారు అభినందనీయులు. నా వాదమంతా ఆ తరువాతి ఘట్టం గురించి. రాజీనామా ఇచ్చిన మరునాటి నుంచి మనిషి తన రోజును ఏం చేస్తున్నాడు? చాలామంది ఏమీ చేయడం లేదు. దాన్ని స్వేచ్ఛ అని పిలుస్తున్నారు. వైద్యుడిగా నేను దాన్ని నిర్లక్ష్యం అంటాను.

మీరు విసిగిపోయి వదిలిన ఆ కార్యాలయం, మీకు తెలియకుండానే, మీ శరీరానికి కొన్ని సేవలు చేసింది. తొమ్మిదింటికి హాజరు వేయవలసి ఉన్నందున మీరు ఏడింటికి లేచారు. బస్టాపు దాకా నడిచారు, లేదా కనీసం బండి మీద ఎండలో వెళ్లారు. ఒంటిగంటకు నలుగురూ డబ్బాలు తెరిచినప్పుడు మీరూ తెరిచారు. సాయంత్రం అందరూ లేచినప్పుడు లేచారు. సంవత్సరానికి ఒకసారి రక్తపరీక్షలు చేయించుకొమ్మని యాజమాన్యం పంపిన కాగితం వచ్చింది. వీటిలో ఏ ఒక్కటీ మీరు ఆరోగ్యం కోసం చేసింది కాదు, అయినా ఆరోగ్యానికి దక్కింది. ఉద్యోగం మానినప్పుడు జీతం పోతుందని అందరూ లెక్క వేసుకుంటారు. ఈ సేవలు కూడా అదే రోజున పోతాయన్న లెక్క వేసుకున్నవారిని నేను అరుదుగా చూశాను.

ఈ సంగతిని తొలిసారి శ్రద్ధగా నమోదు చేసినవారు వైద్యులు కారు. ఆస్ట్రియాలో వియన్నాకు సమీపాన మారియెంతాల్ అనే చిన్న ఊరు ఒక మిల్లు మీద ఆధారపడి జీవించేది. ఆర్థిక మాంద్యంలో ఆ మిల్లు మూతపడింది. మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు ఆ ఊరివారి జీవనాన్ని దగ్గరగా పరిశీలించి 1933లో పుస్తకంగా వెలువరించారు. పని పోయిన పురుషులకు రోజంతా ఖాళీయే. అయినా గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకువెళ్లడం పెరగలేదు సరికదా, బాగా తగ్గింది. రోజులో ఏ గంట ఏం చేశారో రాయమంటే చాలామంది రాయలేకపోయారు. లేవడం, భోజనం చేయడం, పడుకోవడం తప్ప మిగిలిన కాలమంతా ఆకారం లేకుండా కరిగిపోయింది. వీధిలో వారి నడక కూడా నెమ్మదించిందని పరిశోధకులు గమనించారు. స్త్రీలకు మాత్రం ఇంటిపని యథాతథంగా ఉన్నందున వారి కాలం చెదరలేదు. బలవంతాన పని పోయినవారికీ, ఇష్టపూర్వకంగా మానినవారికీ తేడా లేదా అని మీరు అడగవచ్చు. ఉన్నది, చాలా ఉన్నది. ఆకలి, అవమానం మీకు లేవు. అయితే వెలుపలి నుంచి రోజుకు ఆకారం ఇచ్చే చట్రం ఊడిపోవడం మాత్రం ఇద్దరి విషయంలోనూ ఒకటే. ఉద్యోగం జీతంతోపాటు మరి అయిదింటిని ఇస్తుందని యహోదా తరువాతి కాలంలో వివరించారు. కాలానికి ఒక కట్టుబాటు, ఇంటి వెలుపలి మనుషులతో సంబంధం, నలుగురితో కలిసి సాధించే లక్ష్యం, సంఘంలో ఒక గుర్తింపు, చేతికి క్రమమైన పని. వీటిలో మొదటి దానిని ఆమె ఊరికే పేర్కొనలేదు.

ఇక శరీరం సంగతి. మెదడు అడుగుభాగంలో, కంటినరాలు ఒకదానినొకటి దాటుకునే చోటికి కాస్త పైన, హైపోథాలమస్‌లో సుమారు ఇరవై వేల నాడీకణాల చిన్న గుంపు ఒకటి ఉన్నది. దాన్ని సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అంటారు. నిద్ర, శరీర ఉష్ణోగ్రత, కార్టిసాల్, మెలటోనిన్ వంటి హార్మోన్లు ఏ వేళకు ఏ స్థాయిలో ఉండాలో దాని అదుపులో ఉంటుంది. కణాల లోపల ఈ గడియారం ఎలా నడుస్తుందో ఈగలపై ప్రయోగాలతో కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఈ గడియారానికి ఒక లక్షణం ఉన్నది. దాన్ని దాని మానాన వదిలితే చాలామందిలో ఒక రోజు 24 గంటల కంటే కొన్ని నిమిషాలు ఎక్కువగా నడుస్తుంది. ప్రతి ఉదయం కంటిలో పడే వెలుగు ఆ నిమిషాలను సరిదిద్దుతుంది.

ఉద్యోగం మానినవారి నిద్ర ఎలా చెడుతుందో ఇప్పుడు సులభంగా అర్థమవుతుంది. మొదటి వారం పదకొండుకు పడుకున్న మనిషి, తెల్లవారి లేవవలసిన అవసరం లేక, రెండో వారం పన్నెండుకు, నెల గడిచేసరికి రెండు గంటలకు పడుకుంటాడు. కిటికీకి తెర వేసిన గదిలో పదింటికి లేస్తాడు. పగలంతా ఆ గదిలోనే పని. ఇంటి దీపాల వెలుగు మహా అయితే కొన్ని వందల లక్స్ ఉంటుంది. ఆరుబయట, మబ్బు పట్టిన రోజున సైతం, వేల లక్స్ ఉంటుంది. ఉదయం చాలినంత వెలుగు లేక, అర్ధరాత్రి కళ్లెదుట తెర వెలుగు ఎక్కువై, గడియారం రోజురోజుకూ వెనక్కు జారుతుంది. దీనికి వారు చెప్పుకునే పేరు “నాది రాత్రి స్వభావం” అని. కొందరిలో అది నిజమే. పుట్టుకతోనే ఆలస్యంగా నిద్రపోయే స్వభావం గలవారు ఉన్నారు. అయితే ఉద్యోగంలో ఉన్న పదేళ్లూ పదకొండింటికి హాయిగా నిద్రపోయి, మానిన మూడు నెలలకు హఠాత్తుగా రాత్రి స్వభావం వచ్చిందంటే, అది స్వభావమని నేను ఒప్పుకోను.

కాలేయానికీ, క్లోమానికీ, పేగులకూ కూడా తమ తమ గడియారాలు ఉన్నాయి. అవి ప్రధానంగా భోజన సమయాలను బట్టి నడుస్తాయి. ఒకే అన్నం, ఒకే పప్పు పగలు తిన్నప్పటి కంటే రాత్రి పొద్దుపోయాక తిన్నప్పుడు రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన, 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షలు, ఆ అంచున ఉన్నవారు మరో 13 కోట్ల 60 లక్షలు. ఇటువంటి దేశంలో రాత్రి పదకొండున్నరకు ఫోనులో బిర్యానీ తెప్పించుకుని, ఉదయపు ఫలహారం ఎగ్గొట్టి, మధ్యాహ్నం మూడింటికి మొదటి ముద్ద నోట పెట్టుకోవడాన్ని కళాకారుడి లక్షణంగా చెప్పుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మందులు వాడేవారి విషయం మరింత జాగ్రత్తగా చెప్పాలి. దీన్ని ఎవరూ హెచ్చరించరు కనుక కొంచెం విపులంగా రాస్తున్నాను. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి చక్కెర మాత్రలు భోజనాన్ని నమ్ముకుని పనిచేస్తాయి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎనిమిదింటికి మాత్ర, ఎనిమిదింబావుకు ఇడ్లీ. ఇప్పుడు మాత్ర అలవాటు కొద్దీ ఎనిమిదింటికే పడుతుంది. “ఈ ఒక్క దృశ్యం పూర్తి చేసి తింటాను” అని కూర్చున్నవారికి పదకొండు అవుతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, తికమకగా మాట్లాడడం వస్తే అది పని ఒత్తిడి అనుకుంటారు. అది చక్కెర పడిపోవడం కావచ్చు. వెంటనే పంచదార నీళ్లో, రెండు చెంచాల గ్లూకోజో తీసుకోవాలి. మనిషి మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తరలించాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున, ఫలహారానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవలసినది. లేచే వేళే తెలియనివారికి పరగడుపు ఎప్పుడు? రక్తపోటు మాత్ర ఒకరోజు ఉదయం, మరునాడు మధ్యాహ్నం, మూడో రోజు మరచిపోవడం. ఉద్యోగం మానిన వెంటనే మీ వైద్యుని కలిసి, మారిన లేచే వేళనూ భోజన వేళలనూ చెప్పి, మందుల సమయాలను మళ్లీ రాయించుకోండి. మోతాదును మీ అంతట మీరు మార్చవద్దు.

ఇప్పుడు నా ప్రత్యర్థుల వాదానికి వస్తాను. గొప్ప రచయితలందరూ రాత్రివేళ, క్రమం లేకుండా పనిచేశారట. బాల్జాక్ పేరు తప్పకుండా వినిపిస్తుంది, ఆయన కాఫీ తాగుతూ రాత్రంతా రాశాడని. ఆయన సాయంత్రమే పడుకుని అర్ధరాత్రి వేళకు లేచి బల్ల ముందు కూర్చునేవాడన్న సగం కథను మాత్రం చెప్పరు. అదీ ఒక కట్టుబాటే. పైగా ఆయన 51 ఏళ్లకే కన్నుమూశాడు. ఆ జీవనశైలిని ఆదర్శంగా చూపేవారు ఈ సంఖ్యను కూడా చూపితే బాగుంటుంది. దీనికి ఎదురుగా ఆంథొనీ ట్రోలప్‌ను చూడండి. ఇంగ్లండు తపాలా శాఖలో ఉద్యోగి. ఉదయం అయిదున్నరకు బల్ల దగ్గర కూర్చుని, ఎదురుగా గడియారం పెట్టుకుని, పావుగంటకు 250 మాటల చొప్పున మూడు గంటలు రాసి, ఆ తరువాత ఉద్యోగానికి వెళ్లేవాడు. 47 నవలలు రాశాడు. 1867లో ఉద్యోగం మానాడు, ఉదయపు అలవాటును మానలేదు. మన కాళీపట్నం రామారావుగారు బడిపంతులుగా ఉంటూ, రావిశాస్త్రిగారు వకీలుగా ఉంటూ తెలుగు కథకు ఏమి ఇచ్చారో మీకు నేను చెప్పనవసరం లేదు. క్రమబద్ధమైన జీవితం ప్రతిభను చంపుతుందన్న మాటకు వీరెవరి జీవితంలోనూ సాక్ష్యం కనిపించదు.

అసలు ఇంట్లో కూర్చుని కళతో జీవించడం మనకు కొత్త సంగతి అన్నట్టు మాట్లాడడమే విచిత్రం. పోచంపల్లి మగ్గం ముందు కూర్చున్నవారు, కొండపల్లిలో బొమ్మలు చెక్కేవారు, శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవారు స్వయం ఉపాధి అన్న మాట పుట్టకముందు నుంచీ చేస్తున్న పని ఇదే. కలంకారీ గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఎండబెట్టాలి, గీయాలి, పారే నీటిలో ఉతకాలి, మళ్లీ ఎండలో పరచాలి. సూర్యుడు లేకుండా ఆ కళ సాగదు. రోజుకు ఆకారం ఇచ్చే బాధ్యతను వెలుగే తీసుకున్నది. వారి జీవితం సుఖమయమని నేను అనడం లేదు. గుంట మగ్గం మీద వంగి వంగి నడుములు పోయినవారినీ, అప్పుల కోసం రాత్రీ పగలూ నేసినవారినీ వైద్యుడిగా నేను ఎరుగుదును. అయినా కళ అంటే వేళ లేనిది అన్న సిద్ధాంతం వారి వాకిట్లో పుట్టలేదు.

మరొక పక్షం వారితో కూడా నాకు పోట్లాట ఉన్నది. వీరు ఉదయం నాలుగింటికే లేవాలంటారు. రోజును పదిహేను నిమిషాల గడులుగా కోసి, గడికొక రంగు పూసి, ధ్యానం, కృతజ్ఞతా లేఖనం, చన్నీటి స్నానం అన్నీ ఏడింటి లోపల ముగించాలని వీడియోలలో బోధిస్తారు. కొందరు ఆ పట్టికలను అమ్ముతారు కూడా. రాత్రి పన్నెండింటికి పడుకునే మనిషి నాలుగింటికి లేస్తే అతనికి దక్కేది నాలుగు గంటల నిద్ర. పెద్దవారికి కనీసం ఏడు గంటలు అవసరమని నిద్రవైద్యులు చెబుతారు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్యకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించి బ్రాహ్మీముహూర్తాన లేవమన్నాడని వీరు గుర్తుచేస్తారు. నిజమే. ఆయన కాలంలో చీకటి పడిన కాసేపటికి ఊరు నిద్రపోయేదన్న సంగతి కూడా గుర్తుచేయాలి. గడుల పట్టిక సాధారణంగా మూడో రోజున తప్పుతుంది. నాలుగో రోజున మనిషి తనను తాను సోమరినని తిట్టుకుంటాడు. వారం గడిచేసరికి పట్టిక చెత్తబుట్టలో ఉంటుంది, మనిషి మళ్లీ మధ్యాహ్నం లేస్తుంటాడు. వేళలేనితనమూ, గడుల పట్టికా రెండూ శరీరాన్ని అడగకుండా తీసుకున్న నిర్ణయాలే.

శరీరం అడిగేది చాలా తక్కువ. అన్నిటికంటే ముందు లేచే వేళ. అది అయిదు కావచ్చు, ఏడున్నర కావచ్చు, నిజంగా రాత్రి స్వభావం గలవారికి తొమ్మిది కావచ్చు. ఆదివారంతో సహా ప్రతిరోజూ అదే ఉండాలి, అరగంట అటూ ఇటూ. పడుకునే వేళను శాసించడం మన చేతిలో లేదు, నిద్రను పిలిస్తే రాదు. లేచే వేళ మన చేతిలో ఉన్నది. అది స్థిరపడితే కొన్ని రోజులకు నిద్ర తనంత తానే వేళకు వస్తుంది. బ్రిటన్‌లో సుమారు 60 వేల మంది నిద్రను చేతికి కట్టిన పరికరాలతో కొలిచి చేసిన ఒక అధ్యయనంలో, ఎన్ని గంటలు నిద్రపోయారన్న దానికంటే ఎంత క్రమంగా నిద్రపోయారన్నదే మరణాల రేటుతో ఎక్కువ సంబంధం చూపింది. అటువంటి అధ్యయనం కారణాన్ని నిరూపించదు. అనారోగ్యం వల్లనే నిద్ర చెదిరినవారు కూడా అందులో ఉంటారు. అయినా కొట్టివేయదగిన సంగతి కాదు.

లేచిన గంటలోపు ఆరుబయటికి వెళ్లండి. డాబా మీద, వీధిలో, పాల పాకెట్ కోసమైనా సరే, ఇరవై నిమిషాల నుంచి అరగంట. కార్యాలయానికి వెళ్లే దారి పోయింది కనుక దాని స్థానంలో ఇది మీ దారి. నడిచి ఇంటికి తిరిగి వచ్చి పనిగదిలోకి ప్రవేశిస్తే మనసుకు కూడా పని మొదలైందని తెలుస్తుంది. వారానికి 150 నిమిషాలకు తగ్గని నడక వంటి వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క దీనితోనే దాదాపు తీరిపోతుంది. మంచం మీద ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేయవద్దు. మెడకు చేటు అన్నది ఒక కారణం. నిద్రపోయే చోటికీ పనిచేసే చోటికీ మెదడు తేడా మరచిపోవడం రెండోది. ఇల్లు చిన్నదైతే గోడవైపు ఒక బల్ల చాలు.

మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ వేళ నిర్ణయించండి. రాత్రి భోజనం నిద్రకు మూడు గంటల ముందు ముగిస్తే ఎక్కువమందికి కడుపుమంట మాత్ర అవసరమే ఉండదు. వంటగది పక్కనే పనిచేసేవారికి మిక్చరు డబ్బా పెద్ద శత్రువు. దాని గురించి ఉపన్యాసం ఇవ్వను, పై అరలో పెట్టండి చాలు. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది కనుక మధ్యాహ్నం మూడు తరువాత కాఫీ వద్దు. ఎండాకాలంలో మధ్యాహ్నం కునుకు తీయడం మన ప్రాంతపు వాతావరణానికి తగినదే, అరగంట దాటకుండా చూసుకుంటే చాలు.

ఈ వేళల మధ్య ఎప్పుడు రాస్తారు, ఎప్పుడు గీస్తారు, ఎప్పుడు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు అన్నది పూర్తిగా మీ ఇష్టం. అందులో వైద్యుడికి పని లేదు.

ముగించే వేళ గురించి మాత్రం మొండిగా వాదిస్తాను. సొంతపని చేసేవారు సోమరులవుతారని బంధువులు భయపడతారు. నేను చూసినవారిలో ఎక్కువమంది దానికి విరుద్ధం, పనిని ఎక్కడ ఆపాలో తెలియనివారు. ఉద్యోగంలో ఆరింటికి దీపాలు ఆర్పే మనిషి ఉండేవాడు. ఇంట్లో ఎవరూ లేరు. వచ్చే నెల పని దొరుకుతుందో లేదో అన్న భయంతో వచ్చిన ప్రతి పనినీ ఒప్పుకుంటారు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. మీ గుండెకు మీరు జీతగాడో, స్వతంత్రుడో తెలియదు. అది గంటలనే లెక్కపెడుతుంది. కనుక చేసిన గంటలను రాసుకోండి. అమెరికాలోని ఖాతాదారులకు పనిచేస్తున్నామని రాత్రంతా మేలుకునేవారు ఒక చిన్న లెక్క చేయాలి. మనకు రాత్రి ఏడున్నర అయినప్పుడు న్యూయార్కులో వేసవిలో ఉదయం పది, శీతకాలంలో తొమ్మిది. మాట్లాడవలసిన పనులన్నీ ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర లోపల పెట్టుకోవచ్చు. కాలిఫోర్నియా వారితో కొంచెం ఆలస్యమవుతుంది, వారానికి రెండు రోజులకు పరిమితం చేయండి. బొమ్మ గీయడానికి వారితో పాటు మేలుకుని ఉండనవసరం లేదు.

స్త్రీల విషయంలో ఈ చర్చ మరో విధంగా ఉండాలి. ఉద్యోగం మాని ఇంట్లో చీరలకు డిజైన్లు వేసే, పుస్తకాలు అనువదించే, పాఠాలు రికార్డు చేసే స్త్రీకి వేళ లేకపోవడం సమస్య కాదు. ఆమె వేళలన్నీ ఇతరులవి. ఆరింటికి పాలు, ఏడున్నరకు పిల్లల డబ్బాలు, పదింటికి మామగారి కాఫీ, మధ్యలో సిలిండరు, కొరియరు, పక్కింటివారి తాళంచెవి. “ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావు కదమ్మా” అన్న ఒక్క వాక్యం ఆమె పగటిని మొత్తం తినేస్తుంది. సొంతపని రాత్రి పదింటికి మొదలై ఒంటిగంటకు ముగుస్తుంది. ఉదయం ఆరింటికి మళ్లీ పాలు. ఇటువంటి ఆమె నిద్రలేమితో వస్తే మాత్ర రాసి పంపడం వైద్యం అనిపించుకోదు. నేను భర్తను పిలిపించేవాణ్ని. పదింటి నుంచి ఒంటిగంట వరకు ఆమె తలుపు వేసి ఉంటుంది, ఆ సమయంలో ఆమె ఊళ్లో లేనట్టే భావించండి, పోయిన ఏడాది ఆమె ఉద్యోగానికి వెళ్లినప్పుడు సిలిండరు ఎవరు తీసుకున్నారో ఇప్పుడూ వారే తీసుకోండి అని చెప్పేవాణ్ని. కొందరు నొచ్చుకునేవారు. ఇది చదువుతున్న అత్తమామలు, భర్తలు ఉంటే, ఈ పేరా మీ కోసమే రాశాను.

ఇంకొక్క విషయం. రోజులో ఒకసారైనా ఇంటివారు కాని మనిషితో ముఖాముఖి మాట్లాడండి. అది గ్రంథాలయం కావచ్చు, షటిల్ ఆట కావచ్చు, టీ కొట్టు కావచ్చు, దానికీ ఒక వేళ పెట్టండి. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులు, ఏ పని కోసం ఉద్యోగం మానారో ఆ పని మీదనే విరక్తి, తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం ఉంటే దాన్ని సృజనలో వచ్చే స్తబ్దత అని సరిపెట్టుకోకండి. అది కుంగుబాటు కావచ్చు, చికిత్స ఉన్న జబ్బు. వైద్యుని కలవండి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ ఉచిత సేవకు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. నిద్ర కోసం రాత్రి రెండు పెగ్గులు, స్నేహితుడు ఇచ్చిన నిద్రమాత్రలు వద్దే వద్దు.

ఈ నెలలో ఉద్యోగం మానబోతున్నవారు పట్టిక ఏదీ వేయకండి. ఒక చిన్న నోటుపుస్తకం కొని, మొదటి పదిహేను రోజులు నాలుగే సంగతులు రాయండి. లేచిన వేళ, మొదటి ముద్ద తిన్న వేళ, చివరి ముద్ద తిన్న వేళ, పని ఆపిన వేళ. వ్యాఖ్యానం వద్దు, తిట్టుకోవడం వద్దు, అంకెలు మాత్రమే. పదహారో రోజున ఆ అంకెలను ఒకసారి చూసి, వాటిలో మీకు తక్కువ శ్రమతో కుదిరే లేచే వేళను ఎంచుకుని, అలారం పెట్టండి. మిగిలిన మూడూ దాని వెంట నెలలోపు సర్దుకుంటాయి. సర్దుకోకపోతే పుస్తకాన్ని మీ వైద్యునికి చూపండి. మా తరం వైద్యులమైతే రక్తపరీక్షల కాగితాల కంటే ముందు దాన్నే అడిగి చదివేవాళ్లం.